పాఠకుల ప్రశ్నలు: ప్రాచీన గ్రీకుల ఓడలు

ఈ నెల శీర్షికకు ప్రాచీన గ్రీకుల సముద్రయానాన్ని అంశంగా ప్రకటించాము. వచ్చిన ఉత్తరాల్లో దేవతలను, రాక్షసులను గురించిన ప్రశ్నల కంటే ఓడను గురించిన ప్రశ్నలే ఎక్కువగా ఉన్నాయి. దాన్ని ఎలా కట్టారు, ఎవరు నడిపారు, దారి ఎలా తెలుసుకున్నారు అని చాలామంది అడిగారు. ఈ అంశాన్ని అందుకోవడానికి ఇదే సరైన దారి అని నా అభిప్రాయం. ఎందుకంటే గ్రీకు పురాణం ఓడ దగ్గరికి వచ్చేసరికి వడ్రంగం తెలిసిన మనిషిలా మాట్లాడుతుంది. గ్రీకు చరిత్ర ఓడ దగ్గరికి వచ్చేసరికి, రాజులనూ సేనాపతులనూ కాసేపు పక్కన పెట్టి, తెడ్డు వేసిన పేదవాడి గురించి చెప్పక తప్పని స్థితికి వస్తుంది.

ప్రశ్న: బంగారు ఉన్ని కోసం గ్రీకు పురాణ వీరుడు జేసన్ ప్రయాణం చేసిన ఆర్గో ఓడ నిజంగా ఉండేదా? మాట్లాడే దూలం ఉన్న ఓడ కథలో చరిత్ర ఏ మాత్రం ఉంటుంది? (విజయనగరం నుంచి ఒక పాఠకురాలు)

ఆర్గో పురాణపు ఓడ. ఫలానా కాలంలో ఫలానా రేవులో ఉండేదని చూపగలిగే ఆధారం దానికి లేదు. అయితే ఆ కథ చాలా పాతది. హోమర్ పేరుతో ఉన్న ‘ఒడిస్సీ’లోనే ఆర్గోను అందరికీ తెలిసిన ఓడగా ప్రస్తావించారంటే, ఆ కావ్యం రూపుదిద్దుకునేనాటికే ఈ కథ జనం నోట నానుతూ ఉండాలి. మనకు పూర్తిగా దక్కిన విస్తృత కథనం మాత్రం క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయంతో సంబంధమున్న అపొలోనియస్ రాసిన కావ్యం.

మీరు అడిగిన చరిత్ర ఆ కావ్యంలో ఓడను నీటిలోకి దించే ఘట్టంలో కనిపిస్తుంది. అథీనా దేవత సూచనతో ఆర్గస్ అనే శిల్పి ఓడను కట్టాడని, డొడోనా పుణ్యక్షేత్రపు సింధూర వృక్షం నుంచి తెచ్చిన దూలాన్ని దేవత అందులో అమర్చిందని, ఆ దూలానికి మాట వచ్చునని కవి చెబుతాడు. ఆ తరువాత ఆయన దృష్టి పనివాళ్ల మీదికి మళ్లుతుంది. పలకలు అలల తాకిడికి విడిపోకుండా పేనిన మోకుతో ఓడను బిగించి కడతారు. ఓడ వెడల్పుకు సరిపడా ఇసుకలో కాలువ తవ్వి, అడుగున దుంగలు పరచి, అందరూ కలిసి తోస్తారు. ఆ బరువు కింద దుంగలు రాసుకుని పొగ లేస్తుంది. ఎవరు ఏ బల్ల మీద కూర్చుని తెడ్డు వేయాలో చీట్లు వేసి తేలుస్తారు. నడిమి బల్లను మాత్రం బలశాలి అయిన హెరాక్లీస్‌కూ, అతనికి జోడుగా అన్కేయస్‌కూ కేటాయిస్తారు. ఇది ఏదో ఒక తీరంలో నిలబడి ఓడ దించడం చూసినవారు చెప్పగలిగిన వర్ణన. మోకుతో ఓడను బిగించే పద్ధతి ఏథెన్సు యుద్ధ నౌకల్లోనూ ఉండేదని ఆ నగరపు నౌకాశాఖ శిలాశాసనాలు చెబుతున్నాయి. ఆర్గో కల్పితమే కావచ్చు గాని, ఆ కల్పనకు వాడిన కలప నిజమైనది.

ప్రశ్న: ‘ఒడిస్సీ’ కావ్య నాయకుడు ఒడిస్సియస్ ఒంటరిగా నాలుగు రోజుల్లో పడవ కట్టుకున్నాడని చదివాను. అది సాధ్యమా? ఇనుప మేకులు లేకుండా పలకలు ఎలా నిలిచేవి? (గుంటూరు నుంచి ఒక వడ్రంగి)

నాలుగు రోజులన్నది కవి తన నాయకుడికి ఇచ్చిన గౌరవం. పని క్రమం మాత్రం, మీరు చదివితే ఒప్పుకుంటారు, అనుభవజ్ఞుడిదే. ‘ఒడిస్సీ’ అయిదవ సర్గలో కాలిప్సో అనే దేవకన్య అతనికి కంచు గొడ్డలిని, బాడిసను ఇస్తుంది. తేలికగా తేలగల ఎండిన చెట్లు ఉన్న చోటు చూపిస్తుంది. అతడు ఇరవై చెట్లు నరికి, కొమ్మలు కొట్టి, చెక్కి నునుపు చేసి, తాడు పట్టి వంకర లేకుండా సరిచేస్తాడు. అప్పుడు ఆమె బరమాలు తెచ్చి ఇస్తుంది. పలకలన్నిటికీ తూట్లు పొడిచి, ఒకదానికొకటి సరిపోయేలా కూర్చి, చెక్క చీలలు దిగగొట్టి బిగిస్తాడు. ఆ తరువాతే తెరచాప కొయ్య, అడ్డకొయ్య, చుక్కాని, అలలు లోపల పడకుండా చుట్టూ అల్లిన తడికె వస్తాయి. పనిముట్లు అవసరమైన వరుసలోనే కథలోకి వస్తాయి. బరమా మొదటే రాదు, పలక సరిచేశాకే వస్తుంది.

ఈ పద్ధతికి సముద్రగర్భంలో సాక్ష్యం ఉంది. పలక అంచులో లోతైన బెజ్జాలు తొలుస్తారు. వాటిలో గట్టి చెక్క బిళ్లలను సగం వరకు దింపి, మిగిలిన సగం పై పలక అంచులోని బెజ్జాల్లోకి వెళ్లేలా ఆ పలకను కూర్చోబెడతారు. రెండు పలకల్లోనూ బిళ్లకు అడ్డంగా తూటు పొడిచి చీల కొడతారు. అప్పుడు పలకలు పక్కకు జారవు, పైకి లేవవు. ఇలా ముందుగా ఓడ పైతొడుగును పూర్తిగా లేపి, ఆ తరువాతే లోపల అడ్డ పక్కెలు అమరుస్తారు. టర్కీ దక్షిణ తీరంలోని ఉలుబురున్ వద్ద 1982లో ఒక స్పాంజి గజ ఈతగాడి కంటపడిన ఓడ ఈ పద్ధతిలోనే కట్టినది. క్రీ.పూ. 14వ శతాబ్దం చివర మునిగిన ఆ ఓడలో సుమారు 10 టన్నుల రాగి, ఒక టన్ను తగరం ఉన్నాయి. కంచు తయారీకి ఈ రెండు లోహాలూ కావలసిన పాళ్లు దాదాపు ఇవే. ఆ ఓడ గ్రీకులది కాదు, తూర్పు మధ్యధరా తీరం నుంచి వచ్చినదని దాని సరుకును బట్టి పరిశోధకులు భావిస్తున్నారు. గ్రీకు వాణిజ్య నౌక ఎలా ఉండేదో చూడాలంటే సైప్రస్‌లోని కైరీనియా కోట మ్యూజియంలో ఉన్న ఓడను చూడాలి. 1965లో ఒక స్థానిక ఈతగాడు దాన్ని కనుగొన్నాడు. అలెగ్జాండర్ మరణించిన కొన్ని దశాబ్దాలకు మునిగిన ఆ ఓడ పొడవు సుమారు 14 మీటర్లు. దాదాపు 400 ద్రాక్షసారా జాడీలు, వేల సంఖ్యలో బాదం కాయలు అందులో దొరికాయి. నాలుగు చెంచాలు, నాలుగు పానపాత్రలు దొరకడాన్ని బట్టి ఓడలో పనిచేసింది నలుగురని లెక్క కట్టారు. మునిగేనాటికే అది బాగా పాతబడిన ఓడ. దానికి ఎన్నోసార్లు మరమ్మతు జరిగింది, అడుగున సీసపు రేకు తాపడం చేశారు. ఈ నలుగురి పేర్లు ఏ కావ్యంలోనూ లేవు. వారు తిరిగిన సముద్రమే ఒడిస్సియస్‌ది కూడా.

ప్రశ్న: దిక్సూచి లేని కాలంలో దారి ఎలా తెలిసేది? ఏ నెలల్లో ప్రయాణించేవారు? (కరీంనగర్ నుంచి ఒక ఉపాధ్యాయుడు)

పగలు కొండకొమ్ములు, దీవులు, ఆలయాలు గుర్తులు. ఏజియన్ సముద్రంలో దీవులు ఎంత దగ్గరగా ఉంటాయంటే, గాలి తేటగా ఉన్న రోజున ఒక దీవి కనుమరుగయ్యేలోగా మరొకటి కనిపించే దారులు చాలా ఉన్నాయి. రాత్రి నక్షత్రాలే దిక్కు. కాలిప్సో ద్వీపం వదిలిన ఒడిస్సియస్ చుక్కాని దగ్గర నిద్రపోకుండా కృత్తికలను, స్వాతి నక్షత్రం ఉన్న మండలాన్ని, సప్తర్షులను చూస్తూ కూర్చుంటాడు. సప్తర్షి మండలాన్ని ఎప్పుడూ ఎడమ చేతి వైపు ఉంచుకొమ్మని ఆమె చెప్పింది. ఉత్తరం ఎడమన ఉందంటే ఓడ తూర్పుకు పోతోందన్నమాట. పదిహేడు రోజులు అలా సాగి పద్దెనిమిదో రోజున అతనికి నేల కనిపిస్తుంది. కథ వినే పల్లెవాడికి కూడా ఆ దిక్కు అర్థమయ్యేదనడంలో సందేహం లేదు.

తీరం కనిపించని చోట సీసపు గుండు కట్టిన తాడును నీటిలోకి వదిలి లోతు చూసేవారు. ఈజిప్టు తీరానికి ఒక పగటి ప్రయాణం దూరంలో ఉండగానే గుండుతో పాటు బురద పైకి వస్తుందని, అక్కడ లోతు పదకొండు బారలని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఆ బురద నైలు నది తెచ్చి పోసినది. లోతును బట్టి, పైకి వచ్చిన మట్టిని బట్టి ఎక్కడున్నామో చెప్పగలగడం అప్పటికే నావికులకు తెలిసిన విద్య.

కాలం విషయంలో హెసియడ్ చెప్పినదాన్ని మించిన ఆధారం లేదు. రైతు అయిన ఈ కవి తాను ఓడ ఎక్కింది ఒక్కసారేనని, అదీ ఔలిస్ నుంచి ఎదురుగా ఉన్న యుబోయా దీవికి, ఆ సన్నని జలసంధి దాటడానికేనని నిజాయితీగా చెప్పుకున్నాడు. అయినా అతని సలహాలు చాలా ఖచ్చితంగా ఉంటాయి. వేసవిలో సూర్యుడు దక్షిణానికి మళ్లిన తరువాతి యాభై రోజులు ప్రయాణానికి మంచివి. వసంతంలో అంజూరపు చెట్టు చిటారుకొమ్మ ఆకు కాకి అడుగంత అయినప్పుడు కూడా బయలుదేరవచ్చు గాని అది తనకు నచ్చదు. కృత్తికలు వేకువన అస్తమించే కాలం, అంటే నవంబరు మొదలుకాగానే, ఓడను ఒడ్డుకు లాగి చుట్టూ రాళ్లు పేర్చాలి. వాననీరు నిలిచి పలకలు కుళ్లకుండా అడుగు బిరడా తీసేయాలి. చుక్కానిని ఇంట్లో పొయ్యి పొగ మీద వేలాడదీయాలి. చలికాలంలో తుపానులు ఒక భయమైతే, మబ్బు కమ్మి నక్షత్రాలు కనిపించకపోవడం అంతకు తక్కువ కాని భయం.

ప్రశ్న: ఓడ ముందుభాగం మీద కళ్లు ఎందుకు చిత్రించేవారు? (నెల్లూరు నుంచి ఒక విద్యార్థిని)

ఓడ తన దారిని తాను చూసుకుంటుందనే నమ్మకం ఒకటి, కీడు తగలకుండా కాపాడుతుందనే నమ్మకం ఒకటి. ముందున్న దారిని కళ్లతో చూస్తూ వచ్చే ఓడను ఎస్కిలస్ ఒక నాటకంలో వర్ణించాడు. ఇవి రంగు బొమ్మలు మాత్రమే కావు. పాలరాతితో చెక్కి, కనుపాపకు రంగు వేసి, పలకకు బిగించిన కళ్లు ఏథెన్సు రేవు పట్టణమైన పిరేయస్‌లోని పాత నౌకాశ్రయం వద్ద దొరికాయి.

ప్రశ్న: సినిమాల్లో చూపినట్టు గ్రీకు యుద్ధ నౌకల్లో తెడ్లు వేసేది గొలుసులు వేసిన బానిసలేనా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

కాదు. ఈ అపోహను తొలగించడం అవసరమని భావిస్తున్నందువల్ల కొంచెం వివరంగా చెబుతాను. గొలుసులు వేసి తెడ్లు వేయించిన నౌకలు మధ్యధరా సముద్రంలో ఉన్నమాట నిజమే గాని, అది చాలా శతాబ్దాల తరువాతి సంగతి. ఏథెన్సు నౌకల్లో తెడ్డు వేసినవారిలో అత్యధికులు స్వతంత్రులు. నగర పౌరుల్లో భూమి లేని, కవచం కొనుక్కోలేని పేదలు, ఏథెన్సులో స్థిరపడిన పరదేశీయులు, కూలికి వచ్చిన ద్వీపవాసులు. బానిసలు అసలే లేరనడం కూడా సరికాదు. క్రీ.పూ. 5వ శతాబ్దం చివరినాటి నౌకా సిబ్బంది జాబితా ఒకటి రాతి మీద దొరికింది. అందులో పౌరుల పేర్ల తరువాత బానిసల పేర్లు, వారి యజమానుల పేర్లతో సహా ఉన్నాయి. క్రీ.పూ. 406లో అర్గినూసే యుద్ధానికి మనుషులు చాలకపోగా బానిసలను ఎక్కించి, ఆ తరువాత వారికి స్వేచ్ఛ ఇచ్చారు.

ట్రైరీమ్ అనే ఆ నౌకలో 170 మంది మూడు అంతస్తుల వరుసల్లో కూర్చునేవారు. పై వరుసలో 62 మంది, మధ్య వరుసలో 54 మంది, అడుగు వరుసలో 54 మంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క తెడ్డు. సైనికులు, విలుకాండ్రు, చుక్కాని పట్టేవాడు, లయ కోసం వేణువు ఊదేవాడు అందరూ కలిపితే సుమారు 200 మంది. నౌక ముందున్న కంచు పోటుముక్కుతో శత్రు నౌక పక్కను గుద్ది చీల్చడం దాని యుద్ధరీతి. అందుకు వేగం కావాలి, ఉన్నచోటే తిరగగలగాలి, వెంటనే వెనక్కు రాగలగాలి. 170 మంది ఒక్క లయలో కదలకపోతే తెడ్లు ఒకదానికొకటి తగిలి నౌక ఆగిపోతుంది. కొరడా దెబ్బలతో సాధించే పని కాదిది. ఏళ్ల అభ్యాసం కావాలి. నౌకావిద్య తీరిక దొరికినప్పుడు నేర్చుకునేది కాదని ఏథెన్సు నాయకుడు పెరిక్లీస్ అన్నట్టు చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు.

ఈ నౌకాదళం పుట్టుకలోనూ పేదవాడి త్యాగం ఉంది. క్రీ.పూ. 483 ప్రాంతంలో లారియన్ గనుల నుంచి ఏథెన్సుకు పెద్దయెత్తున వెండి వచ్చింది. దాన్ని తలకు పది ద్రాక్మాల (వెండి నాణేల) చొప్పున పౌరులకు పంచాలని ప్రతిపాదన. థెమిస్టోక్లీస్ అనే నాయకుడు లేచి, పంచవద్దు, నౌకలు కడదాం అన్నాడు. సభ ఒప్పుకుంది. హెరొడోటస్ లెక్క ప్రకారం కట్టదలచినవి 200 నౌకలు. మూడేళ్లకు, క్రీ.పూ. 480లో, పారశీక చక్రవర్తి జెర్క్సీస్ దండెత్తి వచ్చి నగరాన్ని తగులబెట్టినప్పుడు, సలామిస్ జలసంధిలో గ్రీకులను కాపాడినవి ఆ నౌకలే. అప్పటి నుంచి నగర రాజకీయాల్లో తెడ్డు వేసేవాడి మాటకు బరువు పెరిగింది. ప్రజాపాలన అంటే గిట్టని ఒక అజ్ఞాత రచయిత సైతం, నౌకలను నడిపేది, నగరానికి బలం తెచ్చేది పేదలే కనుక అక్కడ వారికి ఎక్కువ హక్కులుండటం న్యాయమేనని రాశాడు. ఇష్టంలేనివాడు ఒప్పుకున్న మాట కనుక దానికి విలువ ఎక్కువ.

ఒక్క సంఘటన చెబుతాను. క్రీ.పూ. 427లో తిరుగుబాటు చేసిన మైటిలీనీ నగరంలోని వయోజన పురుషులందరినీ చంపాలని ఏథెన్సు సభ తీర్మానించి, ఆజ్ఞతో ఒక ట్రైరీమ్‌ను పంపింది. మర్నాడు పశ్చాత్తాపపడి, తీర్మానాన్ని రద్దు చేసి, రెండో నౌకను పంపింది. అప్పటికి మొదటిది బయలుదేరి సుమారు ఒక పగలు, ఒక రాత్రి గడిచాయి. రెండో నౌకలోనివారు తెడ్డు వేస్తూనే ద్రాక్షసారా, నూనె కలిపిన బార్లీ పిండి ముద్దలు తిన్నారు. వంతులవారీగా నిద్రపోయారు. నౌకను ఆపలేదు. ఎదురుగాలి రాలేదు. మొదటి నౌకలోనివారు తమకు అప్పగించిన ఘోరకార్యం తలచుకుని తొందరపడలేదని థుసిడిడీస్ రాశాడు. సేనాని ఆజ్ఞ చదివి అమలు చేయబోతుండగా రెండో నౌక రేవు చేరింది. తిరుగుబాటు నాయకులుగా ఎంచినవారికి మరణశిక్ష తప్పలేదు గాని, నగరం బతికింది. రెండు నౌకల్లోని తెడ్ల వేగంలోనూ మనుషుల మనసు కనిపిస్తుంది. గొలుసుల బానిసలైతే ఆ నెమ్మదీ ఉండేది కాదు, ఆ వేగమూ ఉండేది కాదు.

ప్రశ్న: గ్రీకు ఓడలు మన తీరానికి వచ్చాయా? (మచిలీపట్నం నుంచి ఒక పాఠకుడు)

గ్రీకు భాష మాట్లాడే ఈజిప్టు వర్తకులకు మన తీరం తెలుసు. క్రీ.శ. 1వ శతాబ్దంలో అలాంటి వర్తకుడొకరు, తన పేరు చెప్పకుండా, ఎర్రసముద్రం నుంచి భారతదేశం వరకు రేవులనూ సరుకులనూ వివరిస్తూ ఒక చిన్న గ్రంథం రాశాడు. జూలైలో ఈజిప్టు రేవు వదిలి, నైరుతి గాలి పట్టుకుని, నేరుగా సముద్రం దాటి మలబారు తీరం చేరే దారి అందులో ఉంది. మన తూర్పు తీరంలోని ప్రాంతాన్ని అతడు మసాలియా అన్నాడు. అది లోపలికి చాలా దూరం విస్తరించిందని, అక్కడ సన్నని నూలుబట్ట విరివిగా తయారవుతుందని రాశాడు. తరువాతి శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో మైసోలస్ నదిని, కొంటకొస్సైలా అనే వర్తకపు రేవును పేర్కొన్నాడు. మొదటిదాన్ని కృష్ణా నదిగా, రెండోదాన్ని కృష్ణా జిల్లాలోని ఘంటసాలగా చరిత్రకారులు గుర్తించారు. ఘంటసాల ప్రాకృత శాసనాల్లో ఒక మహానావికుడి ప్రస్తావన ఉంది. శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. కనుక వచ్చినవారు వారే, చూసినవారు మనమే అని అనుకోనక్కరలేదు. ఈ తీరానికి దాని ఓడలు దానికి ఉన్నాయి.

పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టి కట్టే మసులా పడవలు మన కోస్తా వారికి తెలిసినవే. గ్రీకులు కూడా ఒకప్పుడు పలకలను తాళ్లతో కుట్టేవారు. క్రీ.పూ. 6వ శతాబ్దపు గ్రీకు కుట్టు పడవ ఒకటి ఫ్రాన్సులోని మార్సెయ్ నగరంలో 1993లో బయటపడింది. ట్రాయ్ ముట్టడిలో తొమ్మిదేళ్లు గడిచేసరికి ఓడల కలప కుళ్లిందని, తాళ్లు వదులయ్యాయని ‘ఇలియడ్’లో వచ్చే మాటను కొందరు పండితులు ఈ కుట్టు ఓడలకే అన్వయిస్తారు. ఆ అన్వయం నాకు సమంజసంగా తోస్తుంది.

ప్రశ్న: ఇన్ని ఓడలు దొరికినా ట్రైరీమ్ ఒక్కటీ దొరకలేదట. మరి దాని కొలతలు ఎలా తెలిశాయి? (విశాఖపట్నం నుంచి ఒక ఇంజనీరు)

సరుకు ఓడ తన బరువుతోనే అడుగుకు పోయి, జాడీల గుట్ట కింద కలప బురదలో భద్రంగా ఉంటుంది. ట్రైరీమ్‌లో సరుకు లేదు, కలప తేలిక. పక్క పగిలినా నీళ్లు నిండి తేలుతూ ఉండేదే గాని పూర్తిగా మునిగేది కాదు. గెలిచినవారు దాన్ని లాక్కుపోయేవారు. అందుకే కొలతలు నేల మీద వెతకవలసి వచ్చింది. పిరేయస్‌లోని జియా రేవులో నౌకలను ఒడ్డుకు లాగి ఉంచే పొడవైన పాకల పునాదులు 1885లో తవ్వకాల్లో బయటపడ్డాయి. ఒక్కొక్కటి సుమారు 37 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. నౌక అంతకు మించి ఉండదు. ఏ వరుసకు ఎన్ని తెడ్లో నౌకాశాఖ శాసనాలు చెప్పాయి. క్రీ.పూ. 429లో కోరింత్ నుంచి మెగారా రేవుకు నావికులు తలా ఒక తెడ్డు, ఒక మెత్త, ఒక తెడ్డు పట్టీ పట్టుకుని నడిచి వెళ్లారని థుసిడిడీస్ రాసిన ఒక్క వాక్యం, తెడ్డుకు ఒక మనిషేనని తేల్చింది.

వీటన్నిటినీ కలిపి బ్రిటిష్ పండితుడు జాన్ మారిసన్, నౌకా నిర్మాత జాన్ కోట్స్ రూపొందించిన నమూనాతో గ్రీసులో ‘ఒలింపియాస్’ అనే ట్రైరీమ్‌ను కట్టారు. 1987లో అది నీటిలో దిగింది. స్వచ్ఛందంగా వచ్చిన స్త్రీ పురుషులు 170 తెడ్లు వేసి, కొద్దిసేపు సుమారు 9 నాట్ల వేగం సాధించారు. ఒక చివర నుంచి అరిచిన ఆజ్ఞ రెండో చివరకు వినిపించకపోవడం ఆ ప్రయోగాల్లో ఎదురైన పెద్ద చిక్కు. అందరూ కలిసి ఒక రాగం కూనిరాగంగా పాడినప్పుడు లయ కుదిరింది. ఆ నౌక ఇప్పుడు ఏథెన్సు దగ్గరి ఫాలిరో తీరంలో పొడి డాకులో సందర్శకుల కోసం ఉంది. ఇంజనీరుగా మీరు వెళితే అడుగు వరుస బల్లల మధ్య ఎడం ఎంతో కొలిచి చూడండి.